ఒంటికి పూసే మందు, ఒంట్లోకి దిగే మందు

ఈ నెల మన శీర్షికలో ఒక మందు ట్యూబు గూర్చి వ్రాయబోతున్నాను. "అయ్యగారు మందుల షాపు ఎప్పుడు పెట్టినారు?" అని నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతేనని మీకే తెలుస్తుంది.

మా ఊరి పేరు వ్రాసేటప్పుడు ఆత్మకూర్ అని వ్రాసి పక్కన బ్రాకెట్టులో ‘ఎస్’ అని పెడతారు. ఆత్మకూరులు చాలా ఉన్నవి గనుక, ఇది సూర్యాపేట దగ్గరి ఆత్మకూరు అని గుర్తు. వరి, పత్తి పండే నేల మాది. నాట్లప్పుడు రోజంతా నడుము వంచి బురదలో నిలబడాలి. పత్తి ఏరేటప్పుడు ఒడి కట్టుకొని పొద్దుగూకేదాకా చాళ్ళ వెంట తిరగాలి. కాబట్టి మా సంఘములో 50 ఏండ్లు దాటిన స్త్రీలలో మోకాళ్ళ నొప్పి లేనివారిని వెదకి పట్టుకోవడము కష్టమే. ప్రార్థన మనవులు చెప్పండమ్మా అంటే మొదట వినబడే మాట "మోకాళ్ళయ్యా" అన్నదే.

అలాంటి తల్లులలో ఒక అవ్వ ఉన్నది. వయస్సు 65 పైన. ప్రతి ఆదివారము ఆరాధన ముగియగానే చిన్న కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టేది. నేను ప్రార్థించి ఇచ్చేవాడిని. ఆమె ఆ నూనెను మోకాళ్ళకు రాసుకొనేది. మూడు సంవత్సరములు ఇలాగే జరిగినది.

రెండు సంవత్సరముల క్రిందట వర్షాకాలములో ఒక ఆదివారము ఆమె సీసా తీయబోతుంటే కొంగు ముడి ఊడి మందుబిళ్ళల పట్టీ ఒకటి క్రింద పడినది. మా సంఘములోనే ఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి దానిని తీసి చదివినది.

"అవ్వా, ఈ గోలీలు ఎవరిచ్చిండ్రు?"

"ఎప్పుడో కాలు బెణికితే డాక్టరు ఇచ్చిండు బిడ్డా. మంచిగ పనిజేసినయి. ఆ చీటీ జూపిచ్చి తెచ్చుకుంటున్న. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

"ఎన్ని రోజులకు రాసిచ్చిండు?"

"అయిదు రోజులకు."

"నువ్వు ఎన్ని రోజుల సంది మింగుతున్నవ్?"

అవ్వ లెక్క పెట్టలేదు. మనుమరాలి పెండ్లినాటి నుండి అన్నది. ఆ పెండ్లి చేసినవాడిని నేనే గనుక నాకు తెలుసు, అప్పటికి మూడు సంవత్సరములు దాటినది.

ఆ అమ్మాయి అవ్వ పాదముల వైపు చూసినది. అవి ఉబ్బి ఉన్నవి. మరుసటి రోజే సూర్యాపేటకు తీసుకొనిపోయి రక్త పరీక్ష చేయించినాము. క్రియాటినిన్ పెరిగి ఉన్నదనీ, మూత్రపిండాలు బలహీనపడినవనీ డాక్టరుగారు చెప్పినారు. ఆ గోలీలు ఆ రోజే మాన్పించినారు. మోకాళ్ళకు మాత్రము ఒక ట్యూబు వ్రాసి, కొద్ది మోతాదులో, కొద్ది రోజులే, మళ్ళీ పరీక్షకు వస్తూ వాడుకొమ్మన్నారు.

తిరుగు ప్రయాణములో బస్సులో అవ్వ ఆ ట్యూబును చేతిలో తిప్పి తిప్పి చూసి ఒక ప్రశ్న వేసినది. "ఏందయ్యా ఇది, గోలీ మింగితేనే పోని నొప్పి తోలు మీద పూస్తే పోతదా?"

నాకు జవాబు తెలియలేదు. పక్క సీటులోని అమ్మాయికి తెలుసు. ఆమె ఆ రోజు చెప్పినదీ, ఆ తరువాత నేను అడిగి, చదివి తెలుసుకొన్నదీ కలిపి మీకు చెబుతున్నాను.

మొదట మన చర్మము గూర్చి. పెద్దవారి చర్మమును పరచితే ఇంచుమించు 1.5 నుండి 2 చదరపు మీటర్లు ఉంటుంది. శరీరములోని అవయవములన్నిటిలో పెద్దది ఇదే. దాని పని లోపలి నీరు బయటికి పోకుండా, బయటి విషము లోపలికి రాకుండా కాపాడడము. ఈ కాపలా అంతా అన్నిటికన్న పై పొరలో ఉన్నది. ఆ పొర మందము మిల్లీమీటరులో 50వ వంతు నుండి 100వ వంతు మాత్రమే. చచ్చిన కణములు ఇటుకల వలె ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నము వలె కొవ్వు పదార్థములు నిండి ఉంటాయి. చెరువులో మునిగి లేచినా మనము నీరు పీల్చుకొని ఉబ్బిపోకపోవడానికి కారణము ఈ గోడే.

అయితే ఈ గోడకు సందులు లేకపోలేదు. ఇటుకల మధ్యనున్న కొవ్వులో కరిగే గుణము ఉన్న మందు మెల్లగా లోపలికి జారిపోగలదు. వెంట్రుకల మొదళ్ళ నుండి, చెమట రంధ్రముల నుండి కూడా కొంత దిగుతుంది. కాని అణువు చిన్నదై ఉండాలి. అణుభారము 500 దాటిన పదార్థములు ఈ గోడను దాటడము కష్టమని శాస్త్రజ్ఞులు ఒక లెక్క చెబుతారు. అవ్వ మింగిన మందు పేరు డైక్లోఫెనాక్. దాని అణుభారము 296. అది దాటగలదు. ఇన్సులిన్ అణుభారము 5,800 దగ్గర. షుగరు ఉన్నవారు "సూది లేకుండా పూతమందు రాదా అయ్యగారూ" అని అడుగుతుంటారు. ఎందుకు రాలేదో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. పై పొర దాటడానికి మందు కొవ్వులో కరగాలి. దాని క్రింద ఉన్న సజీవమైన పొరలలో నీరు ఎక్కువ గనుక అక్కడ నీటిలో కూడా కొంత కరగాలి. నూనెతోనూ నీటితోనూ స్నేహము చేయగల మందే చర్మము గుండా ప్రయాణము చేస్తుంది. మరి ఆ మందును మోసుకొనిపోయే పూత కూడా రెండింటికీ సరిపడేదిగా ఉండాలి కదా. ఆ పూతను ఎట్లా తయారు చేయాలన్నదే ఈ వ్యాసములోని అసలు సంగతి.

పూతమందు మన తెలుగువారికి కొత్త కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారు చేయడము మొదలుపెట్టినారు. చిన్న సీసాలో పచ్చని లేపనము. మన తాతలనాటి నుండి తలనొప్పికి, ఒళ్ళు నొప్పులకు ఇంటింటా ఉన్నదే. ఆ లేపనము మీద వచ్చిన ధనముతో ఆయన 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని స్థాపించినారు. ఒక నొప్పి మందు తెలుగువారికి పత్రికలను ఇచ్చినదన్న మాట!

ఇటువంటి లేపనములలో కర్పూరము, పుదీనా పువ్వు, గంధపుర తైలము వంటివి ఉంటాయి. ఇవి ముఖ్యముగా చర్మములోని నరములతో మాట్లాడతాయి. పుదీనా పువ్వు తగలగానే చల్లదనమును గుర్తించే నరములు మేల్కొంటాయి. ఆ చల్లని కబురు ముందు చేరి నొప్పి కబురును కొంత అణచివేస్తుంది. మిరపకాయలోని ఘాటు వేడిని గుర్తించే నరమును తాకుతుంది. ఈ నరముల తలుపులను కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు 2021లో నోబెల్ బహుమతి వచ్చినది. మన మిరప చేలలో చేతులు మండే స్త్రీలకు ఆ సంగతి ఏనాటినుండో తెలుసు, బహుమతి మాత్రము రాలేదు!

లేపనము మెత్తని మైనము, కొవ్వు వంటివాటితో చేసినది గనుక జిడ్డుగా ఉంటుంది, బట్టలకు అంటుతుంది. దానిలో నీటికి చోటు లేదు. దీనికి ఎదురుగా నీటితో చేసిన జెల్ ఉన్నది. అది చల్లగా, జిడ్డు లేకుండా ఉంటుంది, కాని నూనెలో కరిగే మందును అది సరిగా మోయలేదు. ఈ రెండింటి మంచినీ ఒకచోట కలిపి చేసినదే అవ్వ చేతిలోని తెల్లని మందు. దీనిని ఎమల్‌జెల్ అంటారు. ఎమల్షన్ అనే మాటనూ జెల్ అనే మాటనూ కలిపి పెట్టిన పేరు.

పేరు కష్టముగా ఉన్నదా? ఆ అమ్మాయి బస్సులో అవ్వకు చెప్పినట్టే చెబుతాను వినండి.

"అవ్వా, నూనె నీళ్ళు కలుస్తయా?"

"ఎట్ల కలుస్తయి బిడ్డా, నూనె మీదికి తేలదా?"

"మరి పాలల్ల నెయ్యి ఉంటది, నీళ్ళుంటయి. అవి ఎట్ల కలిసున్నయి?"

అవ్వ ఆలోచనలో పడినది. నేనూ పడినాను.

పాలలోని వెన్న చిన్న చిన్న బిందువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. ఒక్కొక్క బిందువు చుట్టూ పలుచని పొర ఒకటి ఉండి, అవి ఒకదానితో ఒకటి కలిసి గడ్డకట్టకుండా కాపాడుతుంది. ఇట్లా నూనె బిందువులు నీటిలో పరచుకొని ఉండడమునే ఎమల్షన్ అంటారు. ఇక ఆ పాలను తోడు వేస్తే ఏమవుతుంది? పాలలోని మాంసకృత్తులు వలవలె అల్లుకొని నీటినీ వెన్న బిందువులనూ ఎక్కడివక్కడ పట్టి ఉంచుతాయి. అదే పెరుగు. గిన్నె వంచినా జారదు, గరిటెతో కదిపితే మెత్తగా కదులుతుంది. ఎమల్‌జెల్ అన్నది ఇంచుమించు ఇదే. వెన్న బిందువుల చోట మందు కరిగిన నూనె బిందువులు ఉంటాయి. తోడు చోట నీటిని చిక్కపరచే ఒక పొడి ఉంటుంది. అంతే తేడా. ప్రతి రాత్రి పాలు తోడు పెట్టే మన తల్లులకు ఈ విద్య సగము తెలిసినదే.

ఫార్మసీ కళాశాలలలో పిల్లలు దీనిని ప్రయోగశాలలో చేసి చూస్తారు. నూనె భాగమును ఒక పాత్రలో, నీటి భాగమును ఇంకొక పాత్రలో 70 నుండి 80 డిగ్రీల వరకు వేడి చేసి, కలిపి, చల్లారేదాకా కలియబెడతారు. నూనెకూ నీటికీ సంధి కుదిర్చే పదార్థములు ముందే వేసి ఉంటాయి. వేరొక పాత్రలో కార్బోమర్ అనే తెల్లని పొడిని నీటిలో నానబెడతారు. వంద గ్రాములలో ఒక గ్రాము పొడి చాలు. అది మొదట పులుపు గుణముతో పలుచగా ఉంటుంది. క్షార గుణము గల పదార్థమును చుక్క చుక్కగా వేయగానే మన కండ్ల ముందే గంజి గట్టిపడినట్టు చిక్కబడుతుంది. తరువాత రెండింటినీ కలుపుతారు. అటు తరువాత పరీక్షలు. రెండు గాజు పలకల మధ్య పెట్టి ఎంత దూరము పరచుకొంటుందో కొలుస్తారు. పలుచని పొర మీద పూసి, గంటకు ఎంత మందు అవతలికి దిగుతుందో లెక్కిస్తారు. 40 డిగ్రీల వేడిలో, 75 శాతము తేమలో నెలల తరబడి ఉంచి నూనె విడిపోతుందేమో చూస్తారు. మజ్జిగ చిలికితే వెన్న విడిపోయినట్టు ట్యూబులో నూనె విడిపోతే ఆ మందు చెడిపోయినట్టే. మీ ఇంట్లోని ట్యూబు నొక్కగానే నీరు వేరుగా, ముద్ద వేరుగా వస్తే దానిని పారవేయండి.

మోకాలికి పూసి రుద్దినప్పుడు జరిగేది ఇది. రుద్దేకొద్దీ ఆ జెల్ పలుచబడుతుంది. చర్మము మీది చెమటలోని ఉప్పు తగిలి దాని పట్టు ఇంకా సడలుతుంది. అందులోని నీరు, ఆల్కహాలు ఆరిపోతుంటే చల్లగా అనిపిస్తుంది. నూనె బిందువులు చర్మముపై పరచుకొంటాయి. వాటిలోని మందు పై పొరలోని కొవ్వులోనికి దిగి, అక్కడినుండి మెల్లమెల్లగా క్రింది కండరములకు, కీలు దగ్గరికి చేరుతుంది.

గోలీ కన్న ఇందులో మేలు ఏమిటంటే, రక్తములో కలిసే మందు చాలా తక్కువ. పూసిన డైక్లోఫెనాక్‌లో ఇంచుమించు 6 శాతము మాత్రమే రక్తములోనికి చేరుతుందని లెక్క. గోలీ మింగినప్పుడు మందు రక్తముతో ఒళ్ళంతా తిరుగుతుంది. ఈ మందు నొప్పిని, వాపును కలిగించే పదార్థముల తయారీని ఆపుతుంది. అయితే అవే పదార్థములు కడుపు లోపలి పొరను కాపాడేవి, మూత్రపిండాలకు రక్తము సరిగా అందేటట్లు చూచేవి కూడా. నొప్పిని ఆపబోయి కాపలాదారులను కూడా పంపివేసినట్లవుతుంది. అందుకే నెలలు, సంవత్సరములు మింగినవారిలో కొందరికి కడుపులో పుండ్లు, మరికొందరికి మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు వస్తాయి. మా అవ్వకు జరిగినది అదే.

మరి ట్యూబు నిజముగా పని చేస్తుందా? చెప్పవలసినది ఉన్నదున్నట్టు చెబుతాను. వైద్య పరిశోధనలను కూర్చి తూచి చూచే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో, 2016లో ఈ పూతమందుల గూర్చి నివేదికలు ఇచ్చినది. కాలు బెణకడము, కండరము పట్టడము వంటి కొత్త నొప్పులలో డైక్లోఫెనాక్ ఎమల్‌జెల్ పూసుకొన్న 10 మందిలో ఇంచుమించు 8 మందికి మంచి ఉపశమనము కలిగినది. మందు లేని ఉత్త జెల్ పూసుకొన్నవారిలో 2 మందికే కలిగినది. అదే మోకాలి అరుగుదల వంటి పాత నొప్పులలో డైక్లోఫెనాక్ పూసుకొన్నవారిలో 100కు 60 మందికి, ఉత్త పూత పూసుకొన్నవారిలో 100కు 50 మందికి మేలు జరిగినది. అంటే పాత నొప్పిలో మందు వలన అదనముగా మేలు పొందేది పదిమందిలో ఒకరు. ఇది అద్భుతము కాదు. కాని మూత్రపిండాలు పోగొట్టుకోకుండా దొరికే ఉపశమనము గనుక చిన్నదీ కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ట్యూబు అంటే హాని లేనిది అని అనుకొనేవారికి ఇది అవసరము.

కొన్ని సంవత్సరముల క్రిందట నాకు నడుము దగ్గర గుండ్రముగా తామర లేచినది. ఒక మందుల దుకాణములో అడిగితే చీటీ లేకుండానే ఒక చిన్న ట్యూబు ఇచ్చినారు. రెండు రోజులలో దురద మాయమైనది. నేను సంతోషించి మా సంఘములో తామరతో బాధపడుతున్న ఒక అబ్బాయికి అదే ట్యూబు చేతిలో పెట్టినాను. అయ్యగారు ఇచ్చినది కదా అని వాడు నెలల తరబడి పూసినాడు. ఆపితే దురద, పూస్తే నయము. చివరికి తామర తొడలంతా, పొట్టంతా పాకినది. చర్మము పలుచబడి చారలు పడినది. చర్మవైద్యుని దగ్గరికి పోతే ఆ ట్యూబులో తామరను చంపే మందుతోపాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉన్నదని చెప్పినారు. స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణచి కంటికి కనబడకుండా చేస్తుంది, క్రింద బూజు మాత్రము హాయిగా పెరుగుతుంది. నొప్పి తగ్గించే మందు దిగే వాకిలిలోనుండే చెడుపు చేసే మందు కూడా దిగుతుంది. చర్మమునకు మంచి చెడ్డల వివేచన లేదు. ఆ వివేచన మనకు ఉండాలి.

ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. ఇట్లాంటి వాడుక దేశమంతటా పెరిగినది గనుక కేంద్ర ప్రభుత్వము 2018లో పూసే స్టెరాయిడ్ మందులను డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన జాబితాలో చేర్చినది. సాధారణ మందులకు లొంగని ఒక కొత్త రకపు తామర బూజు మన దేశములో పాకుతున్నదని గుర్తించి 2020లో దానికి ఇండియా పేరు వచ్చేటట్టు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టినారు. నేను ఆ అబ్బాయి ఇంటికి పోయి, వాని తల్లిదండ్రుల ముందు క్షమించమని అడిగినాను. నయము కావడానికి నెలలు పట్టినది. చారలు ఇప్పటికీ ఉన్నవి. పల్లెలో పాస్టరు చెప్పిన మాట డాక్టరు మాటతో సమానముగా చెల్లుతుంది. కాబట్టి తెలియని సంగతిలో తెలియదని చెప్పడము మా సేవలో ఒక భాగమని అప్పుడు నేర్చుకొన్నాను.

ఇక నొప్పి ట్యూబు వాడేవారికి కొన్ని జాగ్రత్తలు.

మొదటిది, పేరు చదవండి. మన దుకాణములలో దొరికే అనేక నొప్పి ట్యూబుల మీద డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతము, అవిసె నూనె 3 శాతము, మిథైల్ సాలిసిలేట్ 10 శాతము, మెంథాల్ 5 శాతము అని ఉంటుంది. మిథైల్ సాలిసిలేట్ అంటే గంధపుర తైలములోని మందే. అది ఆస్ప్రిన్‌కు చుట్టము. రక్తము పలుచబడే మందులు వాడేవారు, ఆస్ప్రిన్ పడనివారు, ఉబ్బసము ఉన్నవారు డాక్టరును అడగకుండా పూయకూడదు.

రెండవది, చిన్నపిల్లలకు అందనీయకండి. అచ్చమైన గంధపుర తైలము ఒక్క చెంచా మింగితే 20 ఆస్ప్రిన్ బిళ్ళలు మింగినంత విషము. కర్పూరము కడుపులోనికి పోతే పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి. పసిబిడ్డల ముక్కు దగ్గర, రొమ్ము మీద ఘాటు లేపనములు పూయకండి.

మూడవది, మోతాదు. ఒక శాతపు డైక్లోఫెనాక్ జెల్‌కు మోకాలికి పెద్దలు సాధారణముగా వాడే మోతాదు ఒక్కసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగు సార్లు. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు రెండు రోజులలో అయిపోతుంది. బఠాణీ గింజంత పూసి పని చేయలేదనేవారు, ఖర్చుకు వెనుకాడి మళ్ళీ గోలీలకు తిరిగేవారు మనలో చాలామంది. మీకు ఎంత అవసరమో, మీ జేబుకు ఎంత సాధ్యమో డాక్టరుతో విప్పి మాట్లాడండి. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవారికి మోతాదు వేరు. కొందరికి అసలే కూడదు. ట్యూబూ గోలీ రెండూ కలిపి వాడితే మేలు పెరగదు, హాని పెరుగుతుంది.

నాలుగవది, గాయము మీద, పుండు మీద, కండ్ల దగ్గర పూయకండి. పూసి గట్టిగా కట్టు కట్టకండి, వేడి కాపడము పెట్టకండి. వేడికి, కట్టుకు మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది. పూసినాక చేతులు కడుక్కోండి. కీటోప్రొఫెన్ అనే మందు ఉన్న ట్యూబు అయితే పూసినచోట ఎండ తగలకూడదు, చర్మము కాలినట్లవుతుంది.

ఐదవది, గర్భిణులు 20 వారములు దాటిన తరువాత డాక్టరు చెప్పకుండా ఈ జాతి మందులు మింగరాదు, పూయరాదు.

ఆరవది, ఇది ఎవరూ చెప్పనిది. ఈ పూతలలో పారఫిన్ నూనె ఉంటుంది. అది ఇంకిన బట్టలు మంటకు త్వరగా అంటుకొంటాయి. కట్టెల పొయ్యి ముందు కూర్చొనే తల్లులు చీరె కుచ్చిళ్ళు జాగ్రత్త.

ఇంకొక మాట. నొప్పులన్నీ ఒక్కటి కావు. మన పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు ఎందరి ఎముకలను వంచినదో మీకు తెలుసు. త్రాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. పటిక, సున్నము వేసి ఫ్లోరైడును విరిచే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టినారు. ఆ నొప్పికి మంచి నీరు మందు, ట్యూబు కాదు. అలాగే కీలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరము వచ్చినా, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి అయినా, కాలు మోపలేకపోయినా పూతలతో రోజులు గడపకండి. మోకాలి అరుగుదలకు అసలు బలము తొడ కండరములే. కుర్చీలో కూర్చొని కాలు చాపి పది లెక్కపెట్టి దించడము వంటి వ్యాయామము డబ్బు పెట్టి కొనవలసినది కాదు.

"మరి ప్రార్థన నూనె మానమంటారా అయ్యగారూ?" అని కొందరు అడిగినారు. లేదు. గాయపడినవానిని చూచి ఆగిన ఆ మంచి సమరయుని కథ మీరు ఎరుగుదురు. అతడు గాయములకు పోసినది నూనె, ద్రాక్షారసము. ఒకటి మెత్తపరచేది, ఒకటి కడిగేది, ఆనాటి వైద్యము అదే. పోసి వెళ్ళిపోలేదు. కట్టు కట్టి, తన వాహనముపై ఎక్కించి, బస చేయించి, ఖర్చుకు డబ్బు ఇచ్చి, ఇంకా ఖర్చయితే మళ్ళీ వచ్చినప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్ళినాడు. నేను అవ్వ విషయములో నూనె దగ్గరే ఆగిపోయినాను. మూడు సంవత్సరములు ఆమె మోకాళ్ళ కొరకు ప్రార్థించినాను గాని, ఆమె కొంగు ముడిలో ఏమి ఉన్నదో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినది 20 ఏండ్లు నిండని ఒక అమ్మాయి.

అవ్వ ఇప్పుడు ఎట్లా ఉన్నది అంటారా? పాదముల వాపు తగ్గినది. మూత్రపిండాలు మునుపటివలె కాలేదు. డాక్టరుగారు ఇక కావని చెప్పినారు, ఇంకా దిగజారకుండా చూసుకోవాలన్నారు. మూడు నెలలకు ఒకసారి రక్త పరీక్షకు పోతున్నది. సంఘములోని యవ్వనస్థులు వంతుల ప్రకారము వెంట పోతున్నారు. నాట్లకు పోవడము మానినది. మోకాలు బాగా సలిపిన రోజున ట్యూబు పూసుకొంటుంది, తక్కిన రోజులలో కుర్చీలో కాలు చాపి పది లెక్కపెడుతుంది.

మా సంఘములో ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకొన్నాము. నెలలో మొదటి ఆదివారము ఆరాధన తరువాత పెద్దవారందరు తాము వాడే మందులు సంచిలో వేసుకొని తెస్తారు. ఆ అమ్మాయి ఒక్కొక్క పట్టీ, ఒక్కొక్క ట్యూబు పేరు చదివి కాగితము మీద వ్రాస్తుంది. ఏది ఎన్నాళ్ళనుండి, ఎవరు వ్రాసినారు అని అడుగుతుంది. ఆమె మందులు ఇవ్వదు, మార్చదు. అనుమానము ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపుతాము, తోడు లేనివారికి తోడు పోతాము. మొదటి ఆదివారమే ఏడుగురి సంచులలో అవ్వ మింగిన గోలీలే కనబడినవి.

ప్రియులారా, ఈ పత్రిక పక్కన పెట్టి ఈ రాత్రి మీ ఇంట్లోని పెద్దవారి మందుల డబ్బా ఒకసారి తెరచి చూడండి. "అమ్మా, ఇది ఎన్నాళ్ళనుండి వేసుకొంటున్నావు?" అని అడగండి. అవ్వ వేసిన ప్రశ్నకు జవాబు నేను ఇక్కడ వ్రాయగలిగినాను. మీ ఇంటి ప్రశ్నను మీరే అడగాలి.